చర్మం కింద చిప్, నొసటి మీద ముద్ర: మీకు తెలుసా?

శరీరంలో యంత్రం పెట్టించుకోవడం అనే మాట రాగానే క్రైస్తవ లోకంలో రెండు గొంతులు లేస్తాయి. ఒకటి 'అది మృగపు ముద్ర, దగ్గరికి రానివ్వకండి' అంటుంది. రెండోది 'చెవిటివారు వినే రోజు వచ్చింది, దేవునికి స్తోత్రం' అంటుంది. మొదటిది మూఢనమ్మకం, రెండోది జ్ఞానం అని తేల్చేయడం సులువే. వివరాల్లోకి దిగితే మాత్రం ఆ తీర్పు నిలవదు. భయపడినవాళ్లు కొన్నిచోట్ల అందరికీ పనికొచ్చే చట్టాలకు కారణమయ్యారు. సంబరపడినవాళ్లలో కొందరు ఆ యంత్రాలను తమ చేతులతోనే తయారుచేశారు. ఇద్దరూ చదివేది ఒకే బైబిలు.

భయానికి మూలం మూడే వచనాలు

బైబిల్లో చివరిది ప్రకటన గ్రంథం. పత్మాసు ద్వీపంలో ఉన్న యోహానుకు కలిగిన దర్శనాలుగా సాగే పుస్తకం అది. దాని పదమూడో అధ్యాయం చివరి మూడు వచనాల్లో ఒక క్రూరమృగపు ఏలుబడి కనిపిస్తుంది. చిన్నా పెద్దా, ధనికుడూ పేదా, స్వతంత్రుడూ బానిసా అన్న తేడా లేకుండా అందరూ కుడిచేతి మీదో నొసటి మీదో ముద్ర వేయించుకోవాలి. అది లేనివాడు ఏదీ కొనలేడు, అమ్మలేడు. ఆ మృగపు సంఖ్య 666.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అదే పుస్తకం ఏడో అధ్యాయంలోనూ పద్నాలుగో అధ్యాయంలోనూ దేవుని సేవకుల నొసళ్ల మీద కూడా ముద్ర ఉంటుంది. కాబట్టి ఒంటి మీద గుర్తు ఉండటమే పాపమని ఆ గ్రంథం చెప్పడం లేదు. ఎవరికి మొక్కుతున్నావు, ఎవరి బలవంతం మీద మొక్కుతున్నావు అన్నదే అక్కడి ప్రశ్న. కొనడం, అమ్మడం అన్న రెండు మాటలూ ఊరికే పడలేదు. తిండి దగ్గర మెడ పట్టుకుంటే మనిషి దేనికైనా ఒప్పుకుంటాడని ఆ రచయితకు బాగా తెలుసు.

ఇంకో విశేషం. కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఆ సంఖ్య 666 కాదు, 616. ఇలాంటి ప్రతులు ఉన్నాయని రెండో శతాబ్దంలోనే ఐరేనియస్ అనే బిషప్ రాసి, అవి తప్పని వాదించారు. ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన మూడో శతాబ్దపు పపైరస్ ముక్కలో 616 స్పష్టంగా ఉంది. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువలు ఉంటాయి. రోమా చక్రవర్తి నీరో పేరును ఒక పద్ధతిలో రాసి కూడితే 666, చివరి అక్షరం ఒకటి తీసేసి కూడితే 616 వస్తుంది. ఆ మృగం నీరోయేనని ఎక్కువమంది పండితులు అనుకోవడానికి ఇదో బలమైన ఆధారం.

కుడిచేతి మీద గుర్తు వేయించుకునే క్రైస్తవులూ ఉన్నారు

ఈజిప్టులోని కోప్టిక్ క్రైస్తవుల్లో చాలామందికి కుడి మణికట్టు దగ్గర చిన్న సిలువ పచ్చబొట్టు ఉంటుంది. చాలా ఇళ్లలో పసితనంలోనే పొడిపిస్తారు. దాడుల భయం ఉన్నచోట చర్చి గేటు దగ్గర కాపలావాళ్లు ఆ మణికట్టు చూసి లోపలికి పంపుతారు. యెరూషలేము పాత నగరంలో రజ్జూక్ అనే కుటుంబం తరతరాలుగా యాత్రికులకు ఈ పచ్చబొట్లే వేస్తోంది. కుడిచెయ్యి అన్న మాట వినగానే వణికేవారు ఒక్కసారి ఈ మణికట్లను తలుచుకోవాలి.

పాదిరి ఔనన్నాడు, డాక్టరు కాదన్నాడు

ఒంట్లోకి పరాయి పదార్థం ఎక్కించడం దేవుని చిత్తానికి విరుద్ధమా అన్న తగువు చిప్‌లతో మొదలవలేదు. 1721లో అమెరికాలోని బోస్టన్ పట్టణాన్ని మశూచి కమ్మేసింది. కాటన్ మాథర్ అనే ప్యూరిటన్ బోధకుడి ఇంట్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన ఒనేసిమస్ అనే బానిస ఉండేవాడు. మశూచి పుండులోని రసాన్ని ఆరోగ్యవంతుడి చర్మం కోసి అందులో రుద్దితే జబ్బు తేలిగ్గా వచ్చి పోతుందనీ, తనకు చిన్నప్పుడు అలాగే చేశారనీ అతనే యజమానికి చెప్పాడు. మాథర్ ఆ మాట నమ్మారు. జబ్డీల్ బాయిల్‌స్టన్ అనే వైద్యుడు మొదట తన ఆరేళ్ల కొడుక్కే ఆ పని చేసి చూశారు.

ఊరు మండిపడింది. ఇక్కడే మనం ఊహించని మలుపు ఉంది. పట్టణంలోని ప్రముఖ బోధకులు రసం ఎక్కించడానికి మద్దతుగా నిలిస్తే, కాదని గట్టిగా రాసినవాడు విలియం డగ్లస్ అనే డాక్టరు. నవంబరులో ఎవరో మాథర్ ఇంట్లోకి బాంబు విసిరారు. అది పేలలేదు. ఆ మహమ్మారిలో 844 మంది పోయారు, అంటే జబ్బు పడిన ప్రతి ఏడుగురిలో ఒకరు. బాయిల్‌స్టన్ రసం ఎక్కించిన 240 మందికి పైగా జనంలో చనిపోయింది ఆరుగురు. మరుసటి ఏడాది లండన్‌లో ఎడ్మండ్ మాస్సే అనే పాదిరి ఇది పాపపు పని అని ప్రసంగించి దాన్ని అచ్చువేయించారు. అప్పటినుంచి ఈ రెండు పక్షాలూ చర్చి లోపలే ఉన్నాయి.

చూయింగ్ గమ్ ప్యాకెట్టు మీద 666 కనిపించింది

1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలోని మార్ష్ సూపర్‌మార్కెట్‌లో మొట్టమొదటిసారి ఒక వస్తువు మీది బార్‌కోడ్‌ను యంత్రం చదివింది. ఆ వస్తువు రిగ్లీ కంపెనీ జ్యూసీ ఫ్రూట్ గమ్ ప్యాకెట్టు. ఆ బార్‌కోడ్‌కు మొదట్లో, మధ్యలో, చివర్లో సన్నటి జంట గీతలు ఉంటాయి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో యంత్రానికి చెప్పేవి అవే. ఆరు అంకెను సూచించే గీతలు కూడా చూడటానికి దాదాపు అలాగే ఉంటాయి. మూడు చోట్ల మూడు ఆర్లు! 1980ల మొదట్లో మేరీ స్టూవర్ట్ రెల్ఫ్ రాసిన పుస్తకం ఈ భయాన్ని ఇంటింటికీ చేర్చింది. ఇప్పుడు డబ్బాల మీద, రేపు చేతుల మీద అన్నది దాని సారాంశం.

ఆ కోడ్ రూపొందించిన ఐబీఎం ఇంజినీరు జార్జ్ లారర్‌ను ఈ ప్రశ్న జీవితాంతం వెంటాడింది. అది యాదృచ్ఛికమేనని చెబుతూ, తన పేరులోని జార్జ్, జోసెఫ్, లారర్ అనే మూడు మాటలకూ ఇంగ్లీషులో ఆరేసి అక్షరాలున్నాయని గుర్తుచేసేవారు.

చిప్ కంపెనీ బైబిలు పండితుల సాయం తీసుకుంది

ఫ్లోరిడాకు చెందిన అప్లైడ్ డిజిటల్ సొల్యూషన్స్ 2000ల మొదట్లో వెరిచిప్ అనే పరికరాన్ని తెచ్చింది. బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్ద గాజు గొట్టం, పొడవు 12 మిల్లీమీటర్లు. లోపల బ్యాటరీ ఉండదు. రీడరును దగ్గర పెట్టినప్పుడు దాని రేడియో తరంగాలతోనే మేల్కొని ఒక 16 అంకెల సంఖ్య చెబుతుంది, అంతే. స్పృహ తప్పి ఆసుపత్రికి వచ్చిన రోగి ఎవరో, ఏ మందులు పడవో ఆ సంఖ్యతో కంప్యూటరులో వెతుక్కోవచ్చన్నది ఆలోచన. 2004 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వైద్య అవసరాలకు అనుమతి ఇచ్చింది. దాన్ని పెట్టేది భుజం కింద, చేతి వెనకభాగంలో.

అనుమతి రాకముందే క్రైస్తవుల నుంచి వ్యతిరేకత వెల్లువెత్తింది. ఆ కంపెనీ ఏం చేసిందో తెలుసా? బైబిలు పండితులను సంప్రదించింది. '700 క్లబ్' అనే క్రైస్తవ టీవీ కార్యక్రమంలో కనిపించి, ఇది చర్మం కింద దాగి ఉంటుంది కాబట్టి బైబిలు చెప్పే ముద్రకు సరిపోదని ప్రేక్షకులకు నచ్చజెప్పబోయింది. ఆ వాదన నన్ను ఒప్పించదు. బయటికి కనిపించే గుర్తును మనిషి కనీసం చూసుకోగలడు. లోపల ఉన్నదాన్ని ఎవరు ఎప్పుడు చదివారో అతనికి తెలియదు. భయపడినవాళ్లు అడిగింది గుర్తు ఎక్కడుందని కాదు, తాళం ఎవరి చేతిలో ఉందని. దానికి ఆ జవాబులో చోటు లేదు. చివరికి 2010 నాటికి వెరిచిప్ అమ్మకాలు ఆగిపోయాయి.

చట్టం చేసిన రాష్ట్రంలోనే చిప్‌ల వేడుక

ఈ భయం గొంతును చదువుకున్న భాషలోకి తెచ్చినవారిలో ముఖ్యురాలు క్యాథరిన్ ఆల్‌బ్రెక్ట్. వినియోగదారుల గోప్యత కోసం పోరాడే ఆమె 2005లో లిజ్ మెకింటైర్‌తో కలిసి రేడియో చిప్‌ల నిఘా గురించి 'స్పైచిప్స్' రాశారు. మరుసటి ఏడాది అదే విషయాన్ని క్రైస్తవ పాఠకుల కోసం ప్రత్యేకంగా మరో పుస్తకంగా తెచ్చారు. మొదటిదాంట్లో కంపెనీల పేటెంట్లు, పత్రాలే ఆధారాలు. నాస్తికుడు చదివినా ఉలిక్కిపడే పుస్తకమది.

2006లో విస్కాన్సిన్ రాష్ట్రం అమెరికాలోనే మొదటిసారిగా, ఎవరినీ బలవంతంగా చిప్ పెట్టించుకోమనకూడదని చట్టం చేసింది. తప్పితే రోజుకు 10 వేల డాలర్ల దాకా జరిమానా. తర్వాత నార్త్ డకోటా, కాలిఫోర్నియా అదే బాట పట్టాయి. 2010లో వర్జీనియా దిగువసభ ఇలాంటి బిల్లునే ఆమోదించింది. దాన్ని తెచ్చిన మార్క్ కోల్ తన ప్రధాన కారణం గోప్యత అంటూనే, ఇది మృగపు ముద్ర కావచ్చన్న ఆందోళన కూడా ఉందని దాచకుండా చెప్పారు. ఎగతాళి చేసినవాళ్లు చాలామంది. కానీ యజమాని నీ ఒంట్లో ఏమీ పెట్టకూడదన్న నియమం వల్ల కాపాడబడేది విశ్వాసి ఒక్కడేనా?

అదే విస్కాన్సిన్‌లోని రివర్ ఫాల్స్‌లో 2017 ఆగస్టు 1న త్రీ స్క్వేర్ మార్కెట్ అనే కంపెనీ వేడుక చేసింది. సుమారు 50 మంది ఉద్యోగులు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిప్ పెట్టించుకోవడానికి ముందుకొచ్చారు. చెయ్యి చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది, ఆఫీసులో చిరుతిండి కొనుక్కోవచ్చు. చెయ్యి, కొనడం! ఈ రెండూ ఒకేచోట కనబడేసరికి ప్రకటన గ్రంథం తెలిసిన ప్రతివాడూ తెరిచి చూసుకున్నాడు. ఇష్టమున్నవారికే అని కంపెనీ చెప్పింది. ఆ మాట చట్టంలో కూడా ఉండటం వల్లే దానికి విలువ.

ఎడమచెయ్యి పెట్టమన్నారు, ఆయన పెట్టలేదు

ఈ కథల్లో నన్ను అందరికన్నా ఎక్కువగా కదిలించినవాడు వెస్ట్ వర్జీనియాలోని ఒక బొగ్గుగని కార్మికుడు. కన్సోల్ ఎనర్జీ గనిలో సుమారు 37 ఏళ్లు పనిచేశాడు. పనితీరు మీద మాట పడలేదు. చర్చిలో సేవ చేసే ఇవాంజెలికల్ విశ్వాసి. 2012లో కంపెనీ హాజరు కోసం చెయ్యి ఆకారాన్ని చదివే స్కానర్ పెట్టింది. చేతికి ఏదీ అంటదు, లోపలికి ఏదీ దూరదు. అయినా చెయ్యి చూపి లోపలికి వెళ్లడం ఆ మృగానికి, అంటే క్రీస్తు విరోధికి తలవంచడం వైపు వేసే అడుగని ఆయనకు అనిపించింది. తన అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాసి, పాస్టరు ఇచ్చిన ఉత్తరం జతచేశాడు. ఇంకా పాత పద్ధతిలోనే హాజరు రాసుకుంటాననీ, పైఅధికారి దగ్గర హాజరు చెప్పుకుంటాననీ అన్నాడు.

కంపెనీ ఆయన చేతికి స్కానర్ తయారీదారు రాసిన ఉత్తరం ఇచ్చింది. అందులో ప్రకటన గ్రంథానికి వ్యాఖ్యానమే ఉంది. ముద్ర పడేది కుడిచేతి మీదో నొసటి మీదో కాబట్టి ఎడమచెయ్యి వెల్లకిలా పెట్టి స్కాన్ చేసుకోవచ్చని సలహా. ఒక యంత్రాల కంపెనీ గని కార్మికుడికి బైబిలు పాఠం చెప్పింది! ఆయన ఒప్పుకోలేదు. ఏ చెయ్యి అన్నది కాదు ఆయన బాధ.

అసలు విషయం తర్వాత బయటపడింది. చేతివేళ్లకు దెబ్బలు తగిలిన ఇద్దరు ఉద్యోగులను అదే కంపెనీ స్కానర్ పక్కనున్న మీటలు నొక్కి తమ నంబరు కొట్టమంది. దానికి అదనపు ఖర్చు లేదు, ఇబ్బంది లేదు. గాయపడిన వేలికి ఇచ్చిన వెసులుబాటు మనస్సాక్షికి ఇవ్వలేదు. ఆ ఇద్దరికి అనుమతి ఇచ్చిన ఈమెయిల్‌లోనే ఈయనను మాత్రం ఎడమచెయ్యి వాడించాలని ఉంది. ఆయన ఇష్టం లేకుండానే పదవీ విరమణ చేశాడు. ఉద్యోగ సమానావకాశాల కమిషన్ ఆయన పక్షాన కేసు వేసింది. 2015లో జ్యూరీ ఆయన వైపు తీర్పిచ్చింది. 2017లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. మొత్తం దాదాపు 5 లక్షల 87 వేల డాలర్లు. ఒక మనిషి తన గ్రంథాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నాడా లేదా అని తేల్చడం యజమాని పని కాదు, కోర్టు పనీ కాదు అని న్యాయమూర్తులు రాశారు.

ఆ స్కానర్ మృగపు ముద్ర అని నేను అనుకోను. ఆ కార్మికుడు మాత్రం కాదనే హక్కును మనందరి కోసం గెలిచాడని అనుకుంటాను.

పేస్‌మేకర్ ఇంటి వెనక కొట్టంలో పుట్టింది, ప్రార్థన చేసే చేతుల్లో

ఇక రెండో గొంతు. న్యూయార్క్ రాష్ట్రం బఫెలో ప్రాంతపు ఇంజినీరు విల్సన్ గ్రేట్‌బ్యాచ్ ఒకరోజు గుండె చప్పుళ్లను నమోదుచేసే పరికరం తయారుచేస్తూ, పెట్టెలోంచి ఒక రెసిస్టర్ తీసి అతికించారు. అది కావలసినదానికన్నా 100 రెట్లు పెద్దది. సర్క్యూట్ రికార్డు చేయడం మానేసి తానే ఒక క్షణకాలపు విద్యుత్ తాకిడి ఇచ్చి, ఒక సెకను ఆగి, మళ్లీ ఇవ్వసాగింది. ఆయన దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయారు. అది గుండె లయ.

1958 మే 7న డాక్టర్ విలియం చార్డాక్‌తో కలిసి ఆ పరికరాన్ని ఒక కుక్క గుండెకు కలిపితే గుండె దాని మాట విన్నది. గ్రేట్‌బ్యాచ్ ఉద్యోగం వదిలేశారు. దాచుకున్న 2 వేల డాలర్లతో ఇంటి వెనక కొట్టంలో కూర్చుని చేత్తో 50 పేస్‌మేకర్లు చేశారు. 1960లో బఫెలోలో 77 ఏళ్ల రోగికి ఒకటి అమర్చారు. ఆయన మరో ఏడాదిన్నర బతికారు.

గ్రేట్‌బ్యాచ్ తన విశ్వాసాన్ని దాచుకున్న మనిషి కాదు. గెలుపు కోసం ఆరాటపడటం, ఓటమికి భయపడటం రెండూ వద్దనీ, పని చేయడమే మనిషి వంతనీ చెప్పేవారు. తర్వాత ఆయన చేపట్టిన లిథియం అయోడైడ్ బ్యాటరీ వల్లే పేస్‌మేకర్లు ఏళ్ల తరబడి పనిచేయడం సాధ్యమైంది. చిప్‌కు భయపడే సంఘాల్లోనూ పేస్‌మేకర్ ఉన్న పెద్దలు వరసల్లో కూర్చుని ఉంటారు. వాళ్లను ఎవరూ అనుమానంగా చూడరు. అదీ ఒంట్లో ఉన్న యంత్రమే కదా! నొప్పి తీర్చే యంత్రాన్నీ నిఘా పెట్టే యంత్రాన్నీ సామాన్య విశ్వాసి ఎవరూ నేర్పకుండానే వేరుచేసి చూస్తున్నాడు.

గవ్వలోకి గడ్డిపరక

ఆస్ట్రేలియాలోని కామ్డెన్‌లో మందుల దుకాణం నడిపే ఒకాయనకు చెవుడు. కొనడానికి వచ్చినవాళ్లు తమ జబ్బు సంగతి దుకాణమంతా వినిపించేలా అరిచి చెప్పాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది చూస్తూ పెరిగిన కొడుకు గ్రేమ్ క్లార్క్ చెవుల డాక్టరయ్యారు. వినికిడి నరాన్ని విద్యుత్తుతో పలికించవచ్చని ఆయన నమ్మకం. నిపుణుల్లో చాలామంది నమ్మలేదు. ఆయనకు అడ్డుపడిన పెద్ద చిక్కు లోపలి చెవి ఆకారం. నత్తగుల్లలా చుట్టలు తిరిగిన ఆ సన్నని దారిలోకి, దెబ్బ తగలకుండా తీగను పంపేదెలా?

1977లో సెలవుకు మిన్నమురా సముద్రతీరానికి వెళ్లినప్పుడు ఆయనకు ఒక గవ్వ దొరికింది. పక్కనున్న గడ్డిపరకలు తీసి అందులోకి దూర్చి చూశారు. మొదట్లో గట్టిగా, కొసన మెత్తగా ఉండే పరక చుట్టల వెంట చక్కగా లోపలికి పోయింది. తీగను కూడా అలాగే చేయించారు. 1978 ఆగస్టులో మెల్‌బోర్న్‌లో మొదటి రోగికి అమర్చారు. పరీక్షలో జాతీయ గీతం వినిపిస్తే ఆ రోగి గుర్తుపట్టి, తీగలు వేలాడుతుండగానే లేచి నిటారుగా నిలబడ్డాడు. తర్వాత అతను పెదవులు చూడకుండా మాటలు అర్థం చేసుకున్న రోజున క్లార్క్ పక్కగదిలోకి వెళ్లి ఏడ్చేశారు.

క్లార్క్ తన క్రైస్తవ విశ్వాసం గురించి బాహాటంగా రాసిన మనిషి. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో యేసు చెవిటివాడి చెవుల్లో వేళ్లుపెట్టి స్వస్థపరిచే ఘట్టం చదివిన విశ్వాసికి ఈ పరికరం చూస్తే ఉత్సాహం రావడం సహజం. సంజ్ఞాభాషే తమ మాతృభాష అనుకునే బధిరులు చాలామంది మాత్రం తమది బాగుచేయాల్సిన లోపమేమీ కాదంటారు. సంజ్ఞల్లోనే ఆరాధించే సంఘాలున్నాయి. ఆ మాటనూ గౌరవంగా వినాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం కింద చిన్నపిల్లలకు ఇదే కాక్లియర్ ఇంప్లాంట్ ఉచితంగా అమర్చారు. లక్షల రూపాయలు ఖర్చయ్యే శస్త్రచికిత్స అలా కూలీల పిల్లలకూ అందింది.

కృత్రిమ గుండెకు తాళంచెవి

1982 డిసెంబరు 2న యూటా విశ్వవిద్యాలయంలో బార్నీ క్లార్క్ అనే దంతవైద్యుడికి మొదటి శాశ్వత కృత్రిమ గుండె పెట్టారు. రోగి మార్మన్ విశ్వాసి, ఆపరేషన్ చేసిన విలియం డెవ్రీస్‌దీ అదే సంఘం. పెట్టేముందు ఆయన భార్య డాక్టర్లను ఒకటే అడిగారట: ఆ గుండెతో ఆయన నన్ను ప్రేమించగలరా అని. ప్రేమకూ ప్రార్థనకూ గుండే నెలవు అని నేర్చుకున్నవారికి ఆ ప్రశ్న చిన్నది కాదు. ఒంట్లోంచి వచ్చిన గొట్టాలు మంచం పక్కనున్న పెద్ద గాలియంత్రానికి కలిసి ఉండేవి. బతుకు భరించలేనిదైతే ఆపుకోవడానికి ఆ యంత్రపు తాళంచెవి ఆయన చేతికే ఇచ్చారు. 112 రోజులు బతికారు. ఆ తాళంచెవిని ఆయన వాడలేదు.

చనిపోయినవారి పేస్‌మేకర్లు ముంబైకి వచ్చాయి

దహనం చేసేముందు పేస్‌మేకర్ తీసేయాలి, లేకపోతే వేడికి దాని బ్యాటరీ పేలుతుంది. ఖననం చేసేటప్పుడైతే అది మనిషితోపాటు మట్టిలోకి పోతుంది. అమెరికాలో కొన్ని కుటుంబాలు తమవారి పేస్‌మేకర్లను దానమిచ్చాయి. వాటిలో బ్యాటరీ మిగిలినవాటిని శుద్ధిచేసి ముంబైలోని హోలీ ఫ్యామిలీ ఆసుపత్రిలో 50 మందికి పైగా పేదరోగులకు అమర్చారు. ఫలితాలు బాగున్నాయని అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయింది. అది క్యాథలిక్ సన్యాసినులు నడిపే ఆసుపత్రి.

ఒక మఠవాసి ఉత్తరం, ఒక మహాసభ తీర్మానం

గ్రీసులోని అథోస్ పర్వతం మీద ఉండే పైసియోస్ అనే సన్యాసి 1987లో 666 గురించి హెచ్చరిస్తూ స్వహస్తంతో ఉత్తరం రాశారు. గుర్తింపు కార్డులతో మొదలై ముద్రతో ముగుస్తుందన్నది ఆయన ఆందోళన. 2015లో ఆయనను పరిశుద్ధుడిగా ప్రకటించారు. ఆ ఉత్తరం గ్రీకు, రష్యన్ విశ్వాసుల్లో ఈనాటికీ చేతులు మారుతోంది.

రష్యాలో పన్నుచెల్లింపుదారుల నంబరు వచ్చినప్పుడు ఎందరో విశ్వాసులు తీసుకోబోమన్నారు. 2001లో రష్యన్ ఆర్థడాక్స్ చర్చి వేదాంత కమిషన్ కూర్చుని, నంబరు తీసుకోవడం పాపం కాదని తేల్చింది. విషయం అక్కడితో ఆపలేదు. 2013 బిషప్పుల మహాసభ, మనుషుల శరీరంలో గుర్తింపు పరికరాలను బలవంతంగా పెట్టడాన్ని ఒప్పుకోబోమని రాతపూర్వకంగా చెప్పింది. కాగితం మీద అంకె వేరు, ఒంట్లో బలవంతపు చిప్ వేరు. చదివినవాటిలో నాకు అన్నిటికన్నా సూటిగా కనిపించిన మాట అది.

మిజోరంలో ఆధార్ వద్దన్న కుటుంబాలు

2011 జనగణన ప్రకారం మిజోరంలో 87 శాతం మంది క్రైస్తవులు. అక్కడి కొన్ని వర్గాలు ఆధార్‌ను మృగపు సంఖ్యగా భావించి నమోదు చేయించుకోలేదు. మన తెలుగు సంఘాల్లోనూ ఆధార్ వచ్చిన కొత్తలో ఈ గుసగుసలు వినబడ్డాయి. ఆధార్ ఒంట్లోకి పోదు, ఒంటి నుంచి వేలిముద్ర, కంటిపాప తీసుకుంటుంది. మన రేషన్ దుకాణాల్లో వేలిముద్ర యంత్రాలు వచ్చాక ఏం జరిగిందో ఊళ్లలో అందరికీ తెలుసు. నాట్లు వేసి, ఇటుకలు మోసి గీతలు అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తుపట్టదు. ముసలమ్మ వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది, మళ్లీ పెడుతుంది. వెనక వరస ఆగిపోతుంది. ఆమెకు ప్రకటన గ్రంథం తెలియకపోవచ్చు. గుర్తు పడనిదే బియ్యం రావని మాత్రం బాగా తెలుసు. ముద్ర వాదనను నవ్వి కొట్టిపారేసే ముందు ఆ వరసలో కాసేపు నిలబడాలి.

పేటెంటు నంబరులో మూడు ఆర్లు

కోవిడ్ రోజుల్లో వాట్సాప్‌లో తిరిగిన వాటిలో ఒకటి మైక్రోసాఫ్ట్ పేటెంటు దరఖాస్తు, నంబరు 2020060606. దరఖాస్తు నిజమే. శరీర కదలికలను సెన్సర్లతో కొలిచి, దాని ఆధారంగా డిజిటల్ నాణేలు ఇచ్చే ఆలోచన అది. దానికీ టీకాకూ సంబంధం లేదు. టీకాలో చిప్ ఉందన్న ప్రచారం పూర్తిగా అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి సూది వద్దన్నవారు తమ ప్రాణాల మీదికే తెచ్చుకున్నారు. అసలైన భయానికి అబద్ధపు భయం చేసిన అన్యాయం ఇది.

చనిపోయినవారిని లేపడం సైన్సు పనే అన్న లైబ్రేరియన్

మాస్కోలో రుమ్యాంత్‌సెవ్ మ్యూజియం గ్రంథాలయంలో పనిచేసిన నికొలాయ్ ఫ్యొదొరొవ్ (1829-1903) గాఢమైన ఆర్థడాక్స్ విశ్వాసి. పునరుత్థానం కోసం చేతులు కట్టుకుని ఎదురుచూడకూడదు, తాతముత్తాతలందరినీ విజ్ఞానంతో తిరిగి లేపడం మానవజాతి ఉమ్మడి బాధ్యత అని ఆయన వాదం. టాల్‌స్టాయ్, దోస్తోయెవ్‌స్కీ ఆయన ఆలోచనలను శ్రద్ధగా పట్టించుకున్నారు. రాకెట్ శాస్త్రవేత్త త్సియాల్‌కోవ్‌స్కీ కుర్రతనంలో ఆయన గ్రంథాలయంలోనే చదువుకున్నాడు. ఇప్పుడు అమెరికాలో, విజ్ఞానంతో మనిషి తన శరీరపు హద్దులు దాటవచ్చనే ట్రాన్స్‌హ్యూమనిస్టులది ఇలాంటి ఆలోచనే; 2006లో మొదలైన మార్మన్ ట్రాన్స్‌హ్యూమనిస్టుల సంఘం, 2014లో మైకా రెడింగ్ నెలకొల్పిన క్రైస్తవ ట్రాన్స్‌హ్యూమనిస్టుల సంఘం ఆ దారినే నడుస్తున్నాయి. స్వస్థత యేసు పనే అయితే స్వస్థపరిచే యంత్రం కూడా ఆ పనిలో భాగమేనన్నది వారి మాట. మరణాన్ని యంత్రం ఓడిస్తుందన్న దాకా నేను వాళ్లతో వెళ్లలేను. రోగి పక్కన నిలబడేదాకా వెళ్తాను.

మెదడులోని యంత్రానికి హవ్వ పేరు

నోలండ్ ఆర్బా 2016లో నీళ్లలో జరిగిన ప్రమాదంలో మెడ కింద చలనం కోల్పోయిన యువకుడు. 2024 జనవరిలో అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఆయన మెదడులో, ఆలోచనతోనే కంప్యూటరును నడిపించే న్యూరాలింక్ కంపెనీ పరికరం అమర్చారు. మనుషుల్లో అదే మొదటిది. వెంట్రుక కన్నా సన్నని 64 దారాలు, వాటి మీద 1,024 ఎలక్ట్రోడ్లు. మార్చిలో ఆలోచనతోనే చదరంగం ఆడుతూ ప్రపంచానికి కనిపించారు. కొన్ని వారాలకే చాలా దారాలు మెదడులోంచి వెనక్కి జారి పనిచేయడం మానేశాయి. ఇంజినీర్లు సాఫ్ట్‌వేర్ మార్చి పట్టు తిరిగి తెచ్చారు.

ఆర్బా దేవుని మీద తన నమ్మకం గురించి ఏ సంకోచం లేకుండా మాట్లాడే క్రైస్తవుడు. ఆ పరికరానికి ఆయన పెట్టుకున్న పేరు ఈవ్, అంటే మన హవ్వ. మృగం పేరు కాదు, మొదటి స్త్రీ పేరు.

ఆ పరికరం పొందిన మూడో వ్యక్తి బ్రాడ్ స్మిత్, ఏఎల్‌ఎస్ వ్యాధితో మాట పోయిన మనిషి, మార్మన్ విశ్వాసి. 2025 ఏప్రిల్‌లో తన కథను తానే వీడియోగా కూర్చి బయటపెట్టారు. ఎడిటింగ్ అంతా మెదడులోని పరికరంతోనే చేశారు. అందులో వినిపించే గొంతు, జబ్బు రాకముందు రికార్డయిన ఆయన గొంతునుంచి కంప్యూటరు తిరిగి కట్టినది.